ఏ దేవుణ్ణి గురించి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి

మీరు అడిగినవి నాలుగు. సర్వశక్తిమంతుడైన దేవుడు తాను ఎత్తలేని రాయిని చేయగలడా? అన్నీ ముందే తెలిసినవాడు ఉంటే మనం చేసే పనికి మన బాధ్యత ఎక్కడిది? దయామయుడైతే పసిపిల్లలకు ఘోరమైన జబ్బులు ఎందుకు? నిర్గుణుడంటూనే కరుణాసముద్రుడని ఎలా అంటారు? చివర్లో, వీటికి జవాబు చెప్పలేకపోతే దేవుడు లేనట్టే కదా అని కూడా రాశారు.

ఈ నాలుగూ ఒకే దేవుడికి తగిలే ప్రశ్నలు కావు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన దర్శనాల్లో, అంటే తత్వశాస్త్ర సంప్రదాయాల్లో, 'ఈశ్వరుడు' అనే మాట ఒకటే అయినా, ఆయనకు ఏ గుణాలు ఉన్నాయన్న లెక్క ఒక్కో చోట ఒక్కో రకం. ఒక లెక్కలోని గుణాన్ని పట్టుకుని మొదలైన వాదం మధ్యలో ఇంకో లెక్కలోకి జారిపోతుంది. అవతలివాళ్ళూ గమనించరు. గంట సేపు వాదించినా తేలకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకని ముందు లెక్క రాసుకోవాలి.

అన్నిటికంటే ఖచ్చితమైన లెక్క తర్కాన్ని నమ్ముకున్న న్యాయ వైశేషికులది. న్యాయమతం వాళ్ళనే నైయాయికులు అంటారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరు అని పండితుల్లో ఇప్పటికీ సామెత ఉంది. ఆ సంప్రదాయంలో మొత్తం గుణాలు 24. జీవాత్మకు వాటిలో 14: జ్ఞానం, సుఖం, దుఃఖం, ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, ధర్మం, అధర్మం, భావన అనే సంస్కారం, వీటికి తోడు సంఖ్య, పరిమాణం, పృథక్త్వం (వేరుగా ఉండటం), సంయోగం (కలయిక), విభాగం (విడిపోవడం). ఈశ్వరుడికి మాత్రం ఎనిమిదే. సంఖ్య మొదలైన ఆ అయిదు, జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం. ఈ చివరి మూడూ ఆయనలో నిత్యం, పుట్టేవి కావు.

లేని గుణాలు ఎందుకు లేవో చూస్తే ఈ లెక్క ఎంత ఆలోచించి వేశారో తెలుస్తుంది. సంస్కారం జ్ఞాపకం కోసం. జ్ఞానం ఎప్పుడూ ఉండేవాడికి గుర్తు తెచ్చుకోవలసిన పని లేదు. కర్మఫలం అనుభవించనివాడికి ధర్మాధర్మాలు అంటవు. దుఃఖం లేదు కనుక దాన్ని కలిగించేదాని మీద ద్వేషమూ లేదు. సుఖం దగ్గర వాళ్ళలో వాళ్ళకే తేడా ఉంది. జయంతభట్టు సుఖాన్ని, ధర్మాన్ని కూడా ఈశ్వరుడికి ఒప్పుకున్నాడు. శ్రుతిలో, అంటే వేదంలో, బ్రహ్మాన్ని ఆనందం అన్నారు కదా అంటే, ముక్తావళి అనే న్యాయగ్రంథం రాసిన విశ్వనాథుడు అక్కడ ఆనందమంటే దుఃఖం లేకపోవడమేనని సర్దాడు. నెత్తిమీది మూట దించినవాడు 'హమ్మయ్య, సుఖంగా ఉంది' అంటాడే, అలాగన్నమాట.

ఇప్పుడు మీ ప్రశ్నల్లోని మాటలు ఈ పట్టికలో వెతకండి. 'సర్వశక్తి' కనబడదు. శక్తి అనే వేరే పదార్థాన్ని నైయాయికులు ఒప్పుకోనే ఒప్పుకోరు, దాన్ని ఒప్పుకున్నది వేదవిధులను విచారించే మీమాంసకులు. 'దయ' కూడా విడిగా లేదు. ఇతరుల దుఃఖం పోవాలనే కోరికే దయ కనుక అది ఇచ్ఛలో పడుతుంది. కాబట్టి రాయి ప్రశ్న ఈ ఈశ్వరుడికి నేరుగా తగలదు. ఆయనకు ఎత్తడానికి చేతులు లేవు, శరీరమే లేదు. ఆయన సామర్థ్యమంటే పుట్టే ప్రతి కార్యం వెనుకా ఆయన జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం ఉండటం. 'ఏ కార్యానికైనా సమర్థుడైనవాడు అసమర్థుడయ్యే వస్తువు' అన్నది గొడ్రాలి కొడుకు లాంటి మాట, అది కార్యాల జాబితాలోకే రాదు. 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ క్రైస్తవుల వైపు నుంచి చెప్పిన సమాధానమూ దాదాపు ఇదే: తనకు తానే విరుద్ధమైనది శక్తికి విషయం కాదు. అయితే ఒక్క చోట ఈ ప్రశ్నకు పూర్తిగా వేరే జవాబు వస్తుంది. తెలుగు కుటుంబంలో పుట్టిన వల్లభాచార్యుల శుద్ధాద్వైతంలో భగవంతుడు విరుద్ధ ధర్మాలకు, అంటే ఒకదానితో ఒకటి పొసగని గుణాలకు, ఆశ్రయం. అక్కడ 'విరుద్ధం కదా' అనడం ఆక్షేపణే కాదు. కానీ ఆ దారి పట్టినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. విరోధాన్ని ఒప్పుకున్నాక తర్కంతో ఎదుటివాడి మతాన్ని కొట్టే హక్కు కూడా చాలావరకు వదులుకోవాలి. అందుకే ఆ సంప్రదాయం అక్కడ శాస్త్రాన్నే ప్రమాణంగా పట్టుకుంటుంది. రాయి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇక దేవుణ్ణి నిరూపించవచ్చా అన్న ప్రశ్న మీ చివరి వాక్యంలో దాగి ఉంది. దాని దగ్గర కొంచెం ఆగాలి.

నైయాయికుల అనుమానం (ఇక్కడ ఈ మాటకు సందేహమని కాదు, హేతువు చూపి తేల్చడమని అర్థం) తర్కసంగ్రహానికి వ్యాఖ్య అయిన దీపికలో ఇలా ఉంటుంది: భూమి, మొలకలు మొదలైనవి కర్త వల్ల పుట్టాయి, కార్యాలు కనుక, కుండలాగా. కర్త అంటే ఎవరో కూడా అక్కడే చెప్పారు: దేనితో చేయాలో ఆ ఉపాదానాన్ని నేరుగా తెలిసి, చేయాలనుకుని, ప్రయత్నించేవాడు. కుమ్మరికి మట్టి తెలుసు, కుండ చేయాలనుకుంటాడు, సారె తిప్పుతాడు. మూడూ ఉన్నాయి. ఈశ్వరుడి ప్రత్యేక గుణాలు మూడే ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. కర్తకు కావలసినవి మూడు, ఈ అనుమానం ఇచ్చేవీ ఆ మూడే.

'ప్రతిదానికీ కర్త ఉంటే దేవుడికి కర్త ఎవరు' అని వెంటనే అడుగుతారు. ఇక్కడ హేతువు, అంటే రుజువుకు చూపే కారణం, ఉనికి కాదు, కార్యత్వం. అంటే ఒకప్పుడు లేక, తర్వాత పుట్టడం. ఈశ్వరుడు పుట్టలేదని ఒప్పుకున్నాక ఆ ప్రశ్న నిలవదు. కానీ దీనికి ఒక మూల్యం ఉంది. న్యాయమతంలో పరమాణువులు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మలు కూడా నిత్యాలే. కాబట్టి వాటికీ కర్త లేడు. ఈ అనుమానం ఇచ్చే ఈశ్వరుడు ఉన్న సరుకుతో లోకాన్ని కూర్చేవాడు, నిమిత్తకారణం మాత్రమే. ఉపన్యాసాల్లో ఇదే కుండ ఉదాహరణతో 'శూన్యంలోంచి సమస్తాన్నీ సృష్టించినవాడు' అని తేల్చేస్తుంటారు. ఈ హేతువుకు అంత బరువు మోసే బలం లేదు.

ఇది ఎక్కడ విరుగుతుందో చూడాలంటే ఉపాధి అనే దోషం తెలియాలి. 'కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కనుక' అంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తోడు పచ్చికట్టెలు కావాలి. ఆ పచ్చికట్టెల సంయోగమే ఉపాధి: సాధ్యం, అంటే రుజువు చేయవలసినది, ఉన్న ప్రతి చోటా ఉంటుంది, హేతువు ఉన్న ప్రతి చోటా ఉండదు. ప్రతివాది ఇక్కడ అంటాడు: కర్త వల్ల పుట్టినవని మనం చూసినవన్నీ శరీరం ఉన్నవాడి వల్లే పుట్టాయి. మొలక కార్యమే, కానీ శరీరం వల్ల పుట్టలేదు. కనుక శరీరజన్యత్వం, అంటే శరీరం వల్ల పుట్టడం, ఉపాధి. పైగా ఎదురు అనుమానం కూడా వేస్తాడు: భూమి మొదలైనవాటికి కర్త లేడు, శరీరం వల్ల పుట్టలేదు కనుక, ఆకాశంలాగా.

ఎదురు అనుమానాన్ని నైయాయికుడు సులువుగానే కొడతాడు. ఆకాశానికి కర్త లేకపోవడానికి 'పుట్టలేదు' అన్నంత మాత్రమే చాలు, 'శరీరం వల్ల' అన్న విశేషణం దండగ. ఆ విశేషణం తీసేస్తే మిగిలే 'పుట్టకపోవడం' భూమికి చెల్లదు. ఇది గట్టి సమాధానం. ఉపాధి దగ్గర ఆయన సమాధానం అంత గట్టిది కాదని నా అభిప్రాయం. మొలకకు కర్త ఉన్నాడా లేడా అన్నదే వివాదం కనుక 'సాధ్యం ఉన్న ప్రతి చోటా శరీరజన్యత్వం ఉంది' అని నువ్వు ముందే అనలేవు అంటాడు. సరే, అనలేడు. కానీ ఉపాధి ఉందేమోనన్న సందేహం మిగిలినా వ్యాప్తి, అంటే హేతువు ఉన్నచోటల్లా సాధ్యం ఉంటుందన్న నియమం, బలహీనపడుతుంది. ఆ సందేహాన్ని పోగొట్టాలంటే అనుకూల తర్కం, అంటే ఒప్పుకోకపోతే ఏం చెడుతుందో చూపడం, కావాలి. 'కర్త లేకుండా కార్యం పుడితే కార్యకారణ భావమే చెడుతుంది' అన్నది ఆయన చూపే తర్కం. కారణం లేకుండా పుడితే చెడుతుంది, నిజమే. చేతనుడైన కర్త లేకుండా పుడితే కూడా చెడుతుందా అన్నదే కదా అసలు ప్రశ్న.

ఇంకో దెబ్బ 7వ శతాబ్దపు బౌద్ధ ఆచార్యుడు ధర్మకీర్తిది. మాట ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదంటాడాయన. కుండ మట్టి వికారం, పుట్ట కూడా మట్టి వికారమే. అంత మాత్రాన పుట్టను కుమ్మరి చేశాడంటామా? గుడిని చూస్తే, కట్టడం చూడనివాడికి కూడా ఎవరో కట్టారని తడుతుంది. కొండను చూస్తే అలా తట్టదు. రెండింటికీ 'కార్యం' అని ఒకే పేరు పెట్టి వ్యాప్తిని ఇక్కడి నుంచి అక్కడికి మోయడం కుదరదు.

మూడో దెబ్బ కొట్టినవారు పరమ భక్తుడైన రామానుజాచార్యులు. బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో శాస్త్రయోనిత్వాధికరణం అనే ప్రకరణం చూడండి. భూమి, సముద్రాలు కార్యాలే అయినా ఒకేసారి, ఒకడే చేశాడనడానికి ఆధారం ఏమిటి? రథం, మేడ లాంటి పెద్ద పనుల్లో చాలామంది చేతులు పడతాయి. కుమ్మరిని చూసి ఊహిస్తే శరీరం, పరిమితి, కర్మబంధం ఉన్న కర్తే వస్తాడు. కాబట్టి ఈశ్వరుడు శాస్త్రం వల్లనే తెలుస్తాడు, అనుమానం వల్ల కాదు అని ఆయన తేల్చారు. 'ఒక్కడని ఒప్పుకుంటే లాఘవం', అంటే తక్కువ ఊహతో సరిపోతుంది, అన్నది నైయాయికుడి జవాబు. లాఘవం ఒక పక్షాన్ని ఎంచుకోవడానికి పనికొస్తుంది, రుజువుగా సరిపోదు. నిరూపణ నిలవదన్నవాళ్ళందరూ నాస్తికులని అనుకునేవారు ఈ అధికరణాన్ని తప్పక చదవాలి.

నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి అయిదో స్తబకంలో (అధ్యాయంలో) కార్యత్వంతో ఆగకుండా తొమ్మిది హేతువులు చెప్పాడు. వాటిలో సంఖ్య అనే హేతువు ఆశ్చర్యపరుస్తుంది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో తేలుతూ కనబడే నలుసు త్ర్యణుకం, అంటే ఆరు పరమాణువులు. ద్వ్యణుకం పరిమాణానికి పరమాణువుల పరిమాణం కారణం కాదు, వాటిలోని 'రెండు' అనే సంఖ్య కారణం. రెండు అనే సంఖ్య పుట్టాలంటే 'ఇది ఒకటి, ఇది ఒకటి' అని లెక్కపెట్టే అపేక్షాబుద్ధి ఎవరికో ఉండాలి. సృష్టి మొదట్లో శరీరధారులు లేరు కనుక అది ఈశ్వరుడిదే. ఎంత నిశితమైన ఆలోచనో చూడండి. కానీ ఇది పూర్తిగా వైశేషిక పరమాణువాదం మీద నిలబడి ఉంది. ఆ పునాది ఒప్పుకోనివారి ముందు ఈ హేతువు ఎత్తకూడదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, నాలుగింటిలో బరువైనది. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో ఈ ఆక్షేపణకు పేరే ఉంది: వైషమ్య నైర్ఘృణ్యాలు. ఒకరిని సుఖంలో, ఇంకొకరిని దుఃఖంలో పుట్టించడం పక్షపాతం, దుఃఖం పెట్టడమూ అందరినీ సంహరించడమూ కఠినత్వం. శాంకర పాఠంలో ఇది 2.1.34. జవాబు 'సాపేక్షత్వాత్': ఈశ్వరుడు ప్రాణుల కర్మను బట్టి సృష్టిస్తాడు. శంకరులు వాన ఉదాహరణ ఇస్తారు. వరికీ యవలకూ వాన సామాన్య కారణం, ఇది వరిగా అది యవగా మొలవడానికి ఆయా విత్తనాల శక్తే కారణం. మరుసటి సూత్రమే తిరిగి ఆక్షేపిస్తుంది: సృష్టికి ముందు విభాగమే లేదు కదా, మొదటి కర్మ ఎక్కడిది? సంసారం అనాది, విత్తూ మొలకా లాగా అని జవాబు.

ఈ సమాధానం ఎంతవరకు పనిచేస్తుందో కొలవాలి. ఇద్దరి మధ్య తేడా ఎందుకన్నదానికి పనిచేస్తుంది, పక్షపాతం పోతుంది. కర్మ మీద ఆధారపడితే ఈశ్వరుడి స్వాతంత్ర్యం పోదా అంటే, తన అంగం తనకు అడ్డు కాదు అనే న్యాయం చెబుతారు. కర్మ ఆయన పనిముట్టే కానీ పైఅధికారి కాదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అసలు ఈ మొత్తం ఏర్పాటు ఎందుకు అన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని గట్టిగా అడిగింది మీమాంసకుడు కుమారిలభట్టు. ప్రయోజనం లేకుండా మందబుద్ధి కూడా పనికి పూనుకోడు. దయతో సృష్టించాడంటే, సృష్టికి ముందు దయ చూపడానికి ఎవరూ లేరు. దయే కారణమైతే మంచినే సృష్టించి ఉండాలి. వేదాన్ని ప్రాణంగా చూసినవాడి మాటలివి. వేదాంతుల జవాబు లీల. ఊపిరి తీయడానికి మనకు వేరే ప్రయోజనం అక్కర్లేనట్టు సృష్టి ఆయన స్వభావం అంటారు శంకరులు. ఇది 'ప్రయోజనం ఏమిటి' అన్నదానికి సరిపోతుంది. 'దయగల స్వభావం ఇలా ఎందుకు వ్యక్తమైంది' అన్నదానికి సరిపోదు. అద్వైతి ఇక్కడ సృష్టే పారమార్థికం కాదని, అంటే అంతిమ సత్యం కాదని, తప్పుకోగలడు. భక్తి సంప్రదాయాలకు ఆ వీలు లేదు, వారు ఈ బరువును మోయక తప్పదు.

ఈ కర్మ సమాధానాన్ని వాడకూడని చోట వాడుతున్నారు, అది నన్ను బాధిస్తుంది. ఆ సూత్రం తేల్చేది 'ఈశ్వరుడు పక్షపాతా' అన్నది. జబ్బుపడిన ఒక పిల్లవాడి తల్లితో 'పూర్వజన్మలో ఏం చేశాడో' అనడానికి అది అనుమతి కాదు. ఏ కర్మకు ఏ ఫలమో మనలో ఎవరికీ ప్రమాణం లేదు. అందుకే దాన్ని అదృష్టం, అంటే కనబడనిది, అన్నారు. సామాన్య నియమంలోంచి ఒక మనిషి మీద తీర్పు దించడం తర్కం ప్రకారం కూడా తప్పే.

రెండో ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, విడదీయండి. తెలియడం వేరు, చేయించడం వేరు. జ్ఞానం వస్తుతంత్రం, క్రియ పురుషతంత్రం అంటారు శంకరులు. వస్తువు ఎలా ఉందో అలా తెలుస్తుంది, తెలిసినందువల్ల వస్తువు మారదు. కాబట్టి ముందే తెలియడం మాత్రమే మన చేతులు కట్టేయదు. కానీ న్యాయమతంలో ఈశ్వరుడు తెలిసి ఊరుకునేవాడు కాదు. ప్రతి కార్యానికీ సాధారణ కారణాలు ఎనిమిదని లెక్క: ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, కృతి (ప్రయత్నం), దిక్కు, కాలం, అదృష్టం, ప్రాగభావం (పుట్టకముందు లేకపోవడం). కొందరు ప్రతిబంధకం (అడ్డంకి) లేకపోవడాన్ని తొమ్మిదోదిగా కలుపుతారు. అంటే నేను చేసే దొంగతనానికి కూడా ఆయన ఇచ్ఛ ఒక కారణం. మీ ప్రశ్నకు పదును ఇక్కడ ఉంది, సర్వజ్ఞత్వంలో లేదు.

దీనికి వేదాంతంలో చెప్పే జవాబు, జీవుడు చేసిన ప్రయత్నాన్ని చూసుకునే ఈశ్వరుడు నడిపిస్తాడు, లేకపోతే విధినిషేధాలు వ్యర్థమవుతాయి అని. రామానుజులు ఉమ్మడి ఆస్తి ఉదాహరణ చెప్పారు. ఇద్దరి ఉమ్మడి సొత్తును ఒకరు మూడోవారికి ఇవ్వాలంటే రెండోవారి అనుమతి కావాలి. అనుమతి లేకుండా పని జరగదు. అయినా ఆ ఫలం ఇవ్వాలనుకున్నవాడిదే. మంచి ఉదాహరణ. అయితే మొదటి ప్రయత్నం నిజంగా జీవుడిదే అని ఒప్పుకున్నప్పుడే ఇది నిలుస్తుంది. జీవుడి కర్తృత్వం పూర్తిగా ఈశ్వరాధీనమనే మధ్వమతంలో బరువంతా జీవుల స్వభావయోగ్యతల మీదికి, అంటే ఒక్కో జీవుడి సహజ స్వభావం మీదికి, వెళుతుంది.

నాలుగో ప్రశ్న త్వరగా తేలుతుంది. అద్వైతంలో లక్షణం, అంటే వస్తువును గుర్తించే గుర్తు, రెండు రకాలు. 'కాకి వాలిన ఇల్లే దేవదత్తుడిది' అంటే కాకి ఇంటిని చూపించింది, కానీ ఇంట్లో భాగం కాదు. అది తటస్థలక్షణం. జగత్తు పుట్టుకకు కారణం, కరుణామయుడు అన్నవి ఇలాంటివే, మాయతో కూడిన ఈశ్వరుడికి చెల్లుతాయి. సత్యం, జ్ఞానం, అనంతం అన్నవి స్వరూపలక్షణాలు, బ్రహ్మానికి ఉన్న గుణాలు కావు, బ్రహ్మమే. అద్వైతి 'నిర్గుణం', 'కరుణాసముద్రుడు' అనే రెండూ అంటే రెండు స్థాయిల్లో మాట్లాడుతున్నాడు. రెండింటినీ ఒకే అనుమానంలో ఇరికిస్తేనే తప్పు. రామానుజులకు ఈ రెండు స్థాయిలు అక్కర్లేదు. నిర్గుణమంటే హేయగుణాలు, అంటే చెడ్డ గుణాలు, లేవని అర్థం, జ్ఞానం, శక్తి, బలం, ఐశ్వర్యం, వీర్యం, తేజస్సు మొదలైన కల్యాణగుణాలు నిజంగానే ఉన్నాయి. గమనించండి, ఇక్కడ శక్తి పట్టికలోకి వచ్చింది. మీ మొదటి ప్రశ్న వేయవలసింది ఇక్కడ.

మిగిలింది మీ ముగింపు వాక్యం. నిరూపణ విఫలమైతే లేడని తేలదు. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు, ఎందుకంటే ఉంటే కనబడేది. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. కనబడే యోగ్యత లేనిదాని విషయంలో కనబడకపోవడం ఏమీ రుజువు చేయదని ఉదయనుడు మూడో స్తబకంలో వాదించాడు. లేడని నిరూపించాలంటే బాధకం చూపాలి, అంటే చెప్పిన గుణాలు ఒకదానితో ఒకటి పొసగవని చూపాలి. మీ మూడో ప్రశ్నకు ఆ సత్తా ఉంది, కానీ మీరు రాసిన రూపంలో కాదు. ఇలా మార్చి, ఎవరిని అడుగుతున్నారో వారి మతం పేరు పెట్టి అడగండి: 'జగత్తు సత్యం, జీవులు అనాది, కర్మ ఈశ్వరుడి పనిముట్టు, ఆయనకు కారుణ్యం నిజమైన గుణం అని మీరు ఒప్పుకుంటున్నారు. అప్పుడు కర్మ అనే ఆ పనిముట్టును ఇంత దుఃఖం పుట్టేలా నడపడానికి ఆయన ఇచ్ఛ కాకుండా వేరే కారణం ఏముంది?'